బండ వీధికి నీళ్ళు వదిలే మనిషి

ఊళ్ళో ఆమెను తాళంచెవి అంటారు. ఎదురుపడితే తాళంచెవమ్మా అని ఒక అమ్మ తగిలిస్తారు, వెనక మాత్రం ఉత్త తాళంచెవే. ఆమె భుజాన ఎప్పుడూ ఉండే ఇనప కడ్డీని చూసి పెట్టిన పేరది. కడ్డీ నడుమెత్తు ఉంటుంది. పైన అడ్డంగా పిడి, కింద చదరపు నోరు. దాన్ని వీధి మలుపులో ఉన్న గుంటలోకి దించి, లోపలి వాల్వుకు తగిలించి ఒకవైపు తిప్పితే ఆ వీధికి నీళ్ళు వెళతాయి. రెండోవైపు తిప్పితే ఆగుతాయి. అదే ఆమె ఉద్యోగం. ఇంతేనా అనుకునేరు. ఆ ఊళ్ళో పెద్దమనుషులకు కొదవలేదు. ఒకరు ఆసుపత్రి కట్టించారు, ఒకరు సంత వేలం పాడుకున్నారు, ఒకరికి ఎన్నికల్లో ఓడిపోవడమే ఉద్యోగం. కానీ పొద్దున్నే ఎవరు మొహం కడుక్కోవాలో, ఎవరు జిడ్డు మొహంతో తిరగాలో తేల్చేది మాత్రం ఆమె.

ఊరంటే మొదట ఊరు కాదు. దారులు కలిసే చోట వెలిసిన సంత. సంతకు వచ్చినవాళ్ళు కొందరు తిరిగి వెళ్ళలేదు. ఏటి అవతల నుంచి నేతగాళ్ళు వచ్చారు, సముద్రం వైపు నుంచి ఎండుచేపలు అమ్మేవాళ్ళు వచ్చారు, ఆఫీసులు వచ్చాక గుమాస్తాలు వచ్చారు. అందరికంటే ఆఖర్న కొండల మీద నుంచి ఇటుకలు మోసేవాళ్ళు దిగారు. ఒక్కొక్కరిది ఒక్కో భాష, ఒక్కో దేవుడు. బేరం దగ్గర ఒకరి భాషను ఒకరు చీల్చి చెండాడుకునేవారు. కుళాయి దగ్గర మాత్రం అందరూ ఎంతో చక్కగా, ఒక్క తప్పు లేకుండా, ఒకే భాషలో తిట్టుకునేవారు.

తాళంచెవి వాళ్ళది కొండల నుంచి దిగిన గుంపు. కాలవ అవతల, బట్టీల పొగ పడే చోట గుడిసెలు. ఆమెకు ఊహ తెలిసిన ఏడాది వానలు మొహం చాటేశాయి. బట్టీల దగ్గర ఉన్న ఒక్క బావీ అడుగంటింది. తల్లి బిందె చంకనెత్తుకుని, పిల్ల చెయ్యి పట్టుకుని, కాలవ దాటి, సంత దాటి బండ వీధి ఎక్కింది. ఆ వీధి మొత్తం రాతి మీద ఉంది, అందుకే ఆ పేరు. వీధి మొదట్లో నీలం గేటున్న ఇల్లు, ఆ ఇంటి ముందు కుళాయి. అప్పట్లో ఊరి గొట్టం అక్కడిదాకానే వచ్చేది. కుళాయి ఆ ఇంటిది కాదు, ఊరిది. తన గేటు ముందుంది కాబట్టి తనదేనని ఆ ఇంటావిడ నమ్మకం.

తల్లి వరసలో నిలబడింది. ఎవరినీ తోసుకోలేదు, ఎవరితోనూ మాట పెంచుకోలేదు. తన వంతు వచ్చింది, బిందె నిండింది. ఎత్తుకోబోతుంటే నీలం గేటావిడ మెట్లు దిగి వచ్చింది.

"ఎవరు మీరు?"

"బట్టీల దగ్గర్నుంచి వచ్చామమ్మా."

"అయితే బట్టీల దగ్గరే తాగండి," అని బిందె అంచు పట్టుకుని వంపేసింది. అరిచింది లేదు, తిట్టింది లేదు. పాచి నీళ్ళు పారబోసినంత మామూలుగా పారబోసి, చెయ్యి కొంగుకు తుడుచుకుని లోపలికి వెళ్ళిపోయింది.

నీళ్ళు పల్లానికి పరిగెత్తాయి. పిల్ల వాటి వెంట పరిగెత్తింది. బురదతో సహా దోసిట్లోకి ఎత్తి బిందెలో పోయబోయింది. వరసలో ఉన్నవాళ్ళు పకపకా నవ్వారు. అప్పుడు తల్లి పిల్ల చెంప ఛెళ్ళుమనిపించింది. బతుకంతటిలో తల్లి ఆమెను కొట్టింది ఆ ఒక్కసారే. పారబోసినావిడను ఏమీ అనలేని చెయ్యి, ఎత్తబోయిన పిల్ల మీద పడింది. ఆ దెబ్బ బాకీ తల్లిది కాదని, నీలం గేటుదని పిల్ల ఆ రోజే తేల్చేసుకుంది. పిల్లలకు ఏమీ గుర్తుండదని చెప్పేవాళ్ళు తమ చిన్నతనం మరిచిపోయినవాళ్ళు అయి ఉండాలి.

తర్వాత పిల్ల పెరిగింది, ఊరూ పెరిగింది. గుట్ట మీద పెద్ద నీళ్ళ ట్యాంకు లేచింది. వీధి వీధికీ గొట్టాలు వెయ్యడానికి మనుషులు కావలసి వస్తే తాళంచెవి గునపం పట్టుకుని వెళ్ళింది. బండ వీధిలో రాయి పగలగొట్టింది కూడా ఆమె గుంపే. ఆ రాతి మీద ఎవరికీ నుయ్యి పడదు, ఇంట్లో నేలతొట్టి తవ్వుకుందామన్నా గునపం వంగిపోతుంది. అంటే ఆ వీధి వాళ్ళు ఎంత మొనగాళ్ళయినా గొట్టంలో వచ్చే నీళ్ళే దిక్కు. ఈ సంగతి ఆమె అప్పుడే మనసులో పెట్టుకుంది.

వాల్వులు తిప్పే పని చేసే ముసలాయనకు నడుము పట్టేసింది. వంగలేక, గట్టు మీద కూర్చుని, "అమ్మాయ్, కాస్త తిప్పిపెట్టు," అనేవాడు. తిప్పి పెట్టింది. పని నేర్పాడు. ఒక్కసారిగా తెరవకూడదు, గొట్టం పగిలిపోతుంది. కొంచెం తిప్పి, కడ్డీకి చెవి ఆనించి వినాలి. లోపల గాలి బుసలు కొడుతుంటే ఆగాలి. బుస తగ్గి గలగల మొదలయ్యాక ఇంకాస్త తిప్పాలి. గుంటలో తేలు ఉందో లేదో చూసి మరీ చెయ్యి పెట్టాలి. ఆయన పోయాక నీళ్ళ ఆఫీసువాళ్ళు కడ్డీని ఆమె చేతికే ఇచ్చారు. మొదట తాత్కాలికం అన్నారు. ఇంకెవరూ ఆ గుంటల్లోకి దిగకపోయేసరికి అదే శాశ్వతమైంది.

కడ్డీ చేతికొచ్చిన రోజు ఆమె ఇంటికి వెళ్ళి తల్లి ముందు నిలబెట్టింది. తల్లి అప్పటికి బట్టీ పని మానేసి, చీపుళ్ళు కట్టి బుట్టలో పెట్టుకుని ఊరంతా తిరిగి అమ్ముతోంది.

"అమ్మా, బండ వీధి ఇప్పుడు నా చేతిలో ఉంది."

తల్లి చీపురు కడుతూ తలెత్తింది. "అయితే ఏం చేస్తావు?"

"చుక్కలు చూపిస్తా."

తల్లి ఒప్పుకోనూ లేదు, వద్దననూ లేదు. పుల్లలు సరిచేసుకుంది.

ఆమె ఆలోచించింది. నీళ్ళు ఆపేస్తే ఉద్యోగం ఊడుతుంది. తగ్గిస్తే ఆఫీసుకు ఫిర్యాదు వెళుతుంది. అందుకని నీళ్ళలో చెంచాడు కూడా తగ్గించలేదు. రావలసినవన్నీ ఇచ్చింది. ఎప్పుడొస్తాయన్నది మాత్రం ఇవ్వలేదు. ఇవాళ తెల్లారగానే, రేపు మిట్టమధ్యాహ్నం, ఎల్లుండి దీపాలు పెట్టే వేళకు. ఒకరోజు పొద్దున వదిలి, రేపూ పొద్దున్నే అన్న ఆశ పుట్టించి, మర్నాడు సాయంత్రం దాకా నోరు ఎండబెట్టేది. మిగతా వీధులకు గడియారం పెట్టినట్టు నీళ్ళు. బండ వీధికి మాత్రం ఆమె బుద్ధి పుట్టినప్పుడు. ఎవరైనా అడిగితే, "రాతి మీద గొట్టమండీ, గాలి పడుతుంది, ఎప్పుడు వదులుతుందో చెప్పలేం," అనేది. ఆఫీసులో ఇంజనీరు తల ఊపేవాడు. గాలి గురించి ఆయనకు తెలిసినా, తెలియకపోయినా, ఆ గుంటలోకి దిగి చూసే ఉద్దేశం మాత్రం లేదు.

ఇంత తంతూ నీలం గేటావిడ కోసమే. గొట్టం వీధిలోకి తిరగగానే మొదటి కుళాయి ఆవిడదే. ఇంటికి అతుక్కుని ఆవిడ కూర్చోవాలి. పెళ్ళికి వెళ్ళకూడదు, చావుకు వెళ్ళకూడదు, పగలు కునుకు తియ్యకూడదు. కుళాయి ఎప్పుడు దగ్గుతుందా అని చెవులు రిక్కించుకుని ముసలిదైపోవాలి. విసిగి వేసారి, ఒకరోజు ఖాళీ బిందెతో తన దగ్గరకు వచ్చి, "అమ్మా, ఎప్పుడొదులుతావు?" అని అడగాలి. అప్పుడు ఏం చెప్పాలో ఆమె ఎప్పుడో సిద్ధం చేసుకుంది. అలా వచ్చి అడిగేదాకా ఆ వీధిలో కాలు పెట్టనని ఒట్టు కూడా పెట్టుకుంది. వాల్వు గుంట మలుపుకు ఇవతలే ఉంది కాబట్టి ఆ ఒట్టుకు ఇబ్బంది రాలేదు. మలుపులో ఉన్న గోడ అవతల నుంచి ఆడవాళ్ళ గుసగుసలు వినిపించేవి. తనను తిట్టుకుంటున్నారని మురిసిపోతూ, కడ్డీకి చెవి ఆనించి, వీలైనంత నింపాదిగా తిప్పేది.

తల్లి కూడా ఆ ఆటలో పడ్డట్టే కనిపించింది. పొద్దున్నే బుట్ట ఎత్తుకుంటూ అడిగేది.

"ఇవాళ బండ వీధికి ఎప్పుడే?"

"పొద్దు వాలాక. బాగా ఎండనీ."

"సరే సరే," అని వెళ్ళిపోయేది. తన పగ చూసి అమ్మ కడుపు చల్లబడుతోందని కూతురికి సంబరం. ఆ వీధి మొహం అమ్మ కూడా చూడదని, అది తప్పించి మిగతా ఊళ్ళోనే చీపుళ్ళు అమ్ముకుంటుందని ఆమె గట్టి నమ్మకం.

అలా ఏళ్ళు గడిచాయి. నీలం గేటావిడ భర్త పోయాడని విన్నది. అయ్యో అనలేదు. ఇక బిందె తనే మోసుకోవాలి కదా అనుకుంది. మనిషి అంత చెడ్డదా అంటే కాదు. వేరే వీధుల్లో ఎవరింట్లో చావు జరిగినా, పురుడు వచ్చినా, అడక్కుండానే వాల్వు ఇంకో చుట్టు తిప్పి వెళ్ళేది. ఒక్క నీలం గేటు దగ్గరే ఆమె గుండె రాయి.

ఒట్టు తీసి గట్టున పెట్టవలసి వచ్చింది మాత్రం ఆఫీసు వల్ల. బండ వీధి మొదటి ఇంటి దగ్గర గొట్టం కారుతోందని, వెళ్ళి చూసి రమ్మని ఇంజనీరు పంపాడు. వెళ్ళనంటే కారణం చెప్పాలి. పళ్ళు బిగించి వెళ్ళింది. గేటు రంగు వెలిసిపోయి ఉంది. అరుగు మీద నెరిసిన జుట్టుతో, బక్కచిక్కిన ఒకావిడ కూర్చుని ఉంది. భుజాన కడ్డీ చూడగానే లేచి నిలబడింది.

"అమ్మాయ్, నువ్వేనా మాకు నీళ్ళు వదిలేది?"

తాళంచెవి కడ్డీ భుజం మీంచి దించింది. వచ్చింది. ఇన్నాళ్ళకు ఆ రోజు వచ్చింది. ఇప్పుడు అడుగుతుంది.

"నేనే. ఏం?"

"నూరేళ్ళు చల్లగా ఉండు తల్లీ!" అని ఆవిడ కడ్డీతో సహా ఆమె చెయ్యి పట్టేసుకుంది. "నీ వల్లే నేను బతికున్నా. ఆయన పోయాక ఈ గడప తొక్కిన నరమానవుడు లేడు. నా నోరు అంత మంచిది మరి! నీళ్ళు ఎప్పుడొస్తాయో తెలియకపోవడం, మొదట దగ్గేది నా కుళాయే కావడం... అందరూ వచ్చి నా అరుగు మీదే కాపు కాస్తారు. పంతులుగారి భార్య, డ్రైవరు వాళ్ళమ్మ, ఎండుచేపలావిడ కూడా. ఎప్పుడూ మొహాలు చూసుకోనివాళ్ళు. అమ్ముకునేవాళ్ళు సైతం తట్టా బుట్టా దించి కూర్చుంటారు. ఒకటే కబుర్లు, ఒకటే నవ్వులు. నువ్వు ఆలస్యం చేసినరోజు మాకు పండగే అనుకో. ఎవరైనా టైం పెట్టమంటారేమో, పెట్టకమ్మా. నీకు దండం పెడతా."

తాళంచెవి చెయ్యి విడిపించుకుంది. గొట్టం బిగించిందో లేదో కూడా ఆమెకు గుర్తులేదు. మలుపు తిరిగి గుంట గట్టు మీద కూలబడింది. ఇన్నేళ్ళ పగ! ఎండలో, వానలో, తేళ్ళ మధ్య, ఒళ్ళు హూనం చేసుకుని తీర్చుకున్న పగ! చివరికి శత్రువు అరుగు మీద రోజూ పేరంటం జరిపించింది. గోడ అవతల నుంచి వినిపించిన ఆ గుసగుసలన్నీ తిట్లు కావన్నమాట. నవ్వులన్నమాట.

మండే కడుపులో నుంచే ఆలోచన కూడా పుట్టింది. మర్నాడు పొద్దున్నే ఆఫీసుకు వెళ్ళి, బండ వీధి గొట్టంలో గాలి బాధ తీరిపోయిందని చెప్పింది. ఇక నుంచి తెల్లారి ఏడింటికి నీళ్ళు. బోర్డు రాయించి వీధి మొదట్లో పెట్టించమంది. ఇంజనీరు భుజం తట్టినంత పని చేశాడు.

ఏడంటే ఏడే. వాన వచ్చినా, ఒళ్ళు కాలిపోతున్నా ఏడింటికి బండ వీధి కుళాయిలు దగ్గాయి. అంత నిక్కచ్చిగా ఆమె ఏ వీధికీ ఎన్నడూ పనిచేయలేదు. మొదట్లో ఆడవాళ్ళు అలవాటుగా అరుగు దగ్గరకు వచ్చారు. తర్వాత ఎందుకు రావాలి? ఎవరి కుళాయి దగ్గర వాళ్ళు పట్టుకున్నారు, ఎవరి తలుపు వాళ్ళు వేసుకున్నారు. ఆమె ఇప్పుడు ఒట్టు పట్టించుకోవడం మానేసి, రోజూ మలుపు దగ్గర నిలబడి చూసేది. ఒకరోజు నలుగురు, మరో రోజు ఇద్దరు, ఆ తర్వాత అరుగు మీద ఆవిడ ఒక్కతే. నీళ్ళు పట్టుకుని, బిందె లోపల పెట్టి, మళ్ళీ వచ్చి కూర్చునేది. వీధి ఆ చివరి నుంచి ఈ చివరి దాకా చూసేది. ఒకసారి మలుపు దాకా నడిచి వచ్చింది.

"అమ్మాయ్, ఎందుకు టైం పెట్టావు?"

"మీ మంచికేనమ్మా," అంది తాళంచెవి. అలా అన్నప్పుడు ఆమెకు కలిగినంత తృప్తి, కడ్డీ చేతికొచ్చిన రోజు కూడా కలగలేదు.

ఇంట్లో తల్లి కూడా అదే అడిగింది. "బండ వీధికి టైం పెట్టావటగా? ఎందుకే?"

"చూస్తూ ఉండమ్మా," అని కూతురు కన్ను గీటింది. ఈమధ్య తల్లి బుట్ట ఎత్తుకుని తొందరగానే ఇంటికి వచ్చేస్తోంది. వయసు మీద పడింది కదా అనుకుంది కూతురు.

వానాకాలం వెళ్ళేసరికి నీలం గేటుకు తాళం పడింది. ఎవరో తమ్ముడట, బండి తెచ్చి, సామాను ఎక్కించి, ఆవిడను తీసుకెళ్ళిపోయాడు. వార్త తెలిసిన రోజు తాళంచెవి మిగతా వీధులు గబగబా ముగించుకుని, కడ్డీ భుజాన వేసుకుని ఇంటికి పరుగులాంటి నడక నడిచింది.

"అమ్మా! వెళ్ళగొట్టేశాను! నీ నీళ్ళు పారబోసిందే, అది! ఇల్లు వదిలి వెళ్ళిపోయింది!"

తల్లి చేతిలో పుల్లలు నేలమీద పడ్డాయి.

"ఎవరు? వదినా?"

"వదినేంటి? ఎవరికి వదిన?"

తల్లి పడ్డ పుల్లలను కాలితో పక్కకు తోసింది.

"రోజూ అక్కడికే వెళ్ళేదాన్నే నేను. ఎప్పుడొదులుతావో నిన్నడిగి, దానికి ముందే వెళ్ళి ఆ అరుగు మీద కూర్చునేదాన్ని. మొదట అది ఎదురుచూస్తూ ఏడుస్తుంటే చూద్దామనే వెళ్ళా. నేనెవరో దానికి గుర్తులేదు. నీ తల్లినని కూడా తెలియదు. కుళాయి దగ్గగానే గ్లాసు కడిగి, మొదటి నీళ్ళు పట్టి, 'తాగు వదినా, ఎండన పడి వచ్చావు,' అని నా చేతికిచ్చేది. అందరికంటే ముందు నాకు! బట్టీల దగ్గర తాగమన్న మనిషి చేత రోజూ నీళ్ళు ఇప్పించుకున్నానే. వదినా అని పిలిపించుకున్నానే. నువ్వు టైం పెట్టి, మలుపులో కాపలా నిలబడ్డాక అదీ పోయింది."

"మరి నాకు చెప్పలేదేం?"

"నీకెందుకు చెప్పాలి? అది పారబోసింది నా బిందె. ఆ పగ నాది. అడగకుండా నా చేతిలోంచి లాక్కోమని నీకెవరు చెప్పారు?"

"నువ్వెవరో ఎప్పటికైనా దానికి చెప్పేదానివా అమ్మా?"

"చెప్తానో, చెప్పనో, అది నా ఇష్టం! రేపు చెప్పేదాన్నేమో. చచ్చేముందు చెప్పేదాన్నేమో. చెప్పకుండా రోజూ తాగేదాన్నేమో. అన్నీ నా చేతిలో ఉండేవి." కళ్ళు ఎర్రగా చేసుకుని కూతురి వైపు వేలు చూపించింది. "ఆ తమ్ముడిది ఏ ఊరో కనుక్కురా. ఎలా తెస్తావో నాకు తెలియదు. ఊరి పేరు తెలియకుండా ఇంటికి రాకు."

తాళంచెవి వచ్చిన దారినే వెనక్కి నడిచింది. బండ వీధిలో ఇంటింటికీ తలుపు కొట్టింది. పంతులుగారి భార్యను అడిగింది, డ్రైవరు వాళ్ళమ్మను అడిగింది, ఎండుచేపలావిడను అడిగింది. నీలం గేటావిడ ఎక్కడికి వెళ్ళిందో ఎవరికీ తెలియదు. బండి ఎప్పుడు వచ్చిందో, ఏ దారిన పోయిందో కూడా తెలియదు.

"ఇదివరకైతే అందరం ఆవిడ అరుగు మీదే ఉండేవాళ్ళం, చీమ చిటుక్కుమన్నా తెలిసేది," అంది డ్రైవరు వాళ్ళమ్మ. "ఇప్పుడు ఎవరి గుమ్మంలో వాళ్ళం కదమ్మా. నీళ్ళు టైముకి వచ్చేస్తున్నాయి. అంతా నీ చలవ."

ఆఖరి ఇంట్లోనూ అదే మాట, అదే దీవెన. చీకటి పడే వేళకు ఆమె కాలవ దాటి తన వీధి మొదట్లోకి వచ్చి ఆగింది. గుమ్మంలో తల్లి నిలబడి ఉంది. మంచి చీర కట్టుకుంది, చీపుళ్ళ బుట్ట పక్కనే సర్ది పెట్టుకుంది.

"ఏ ఊరట?" అంది తల్లి.